రాళ్లగుట్ట మీద రేణిచెట్లు

అమ్మా యమునా, రాళ్లగుట్ట మీద చెట్లు బతికాయి! ఒకటీ రెండూ కాదు, మూడువందల పద్దెనిమిది. నా కళ్లతో చూశాను, నా చేతులతో తడిమాను, ముల్లు గుచ్చుకుని రక్తం కూడా వచ్చింది. ఆ రక్తం చూసుకుని నవ్వుతూ ఇంటికి వస్తే మీ అమ్మ నా నుదురు పట్టి చూసి, "యాల నవ్వుతాండావు? ఎండ తగిలిందా?" అని అడిగింది.

చూశావా, సంతోషంలో దీవెన రాయడమే మరిచిపోయాను. మంచి కాగితం, కొట్టివేయడానికి మనసు రాక ఇక్కడే రాస్తున్నాను. చిరంజీవి యమునకు నాయన హనుమంతప్ప నిండు మనసుతో దీవించి రాసే జాబు. ఇక్కడ నేను, మీ అమ్మ, మేకలు, దొడ్లో నువ్వు పెట్టిన మునగచెట్టు అందరమూ బాగున్నాము. అంత దూరాన పూణేలో నువ్వు కూడా వేళకు తింటూ, వేళకు పడుకుంటూ బాగున్నావని తలుస్తాను. ఈ జాబు మీ అమ్మకు కూడా చదివి వినిపించాలి. అందుకని నీకు తెలిసిన సంగతులు కూడా కొన్ని మొదటినుంచీ రాస్తాను, విసుక్కోవద్దు.

ముందు నీ జాబులో అడిగినవాటికి జవాబులు. రాయకపోతే మళ్లీ జాబులో "నేను రాసింది చదివావా నాయనా, దాచిపెట్టావా" అని అడుగుతావు. మీ అమ్మ మోకాలు తగ్గింది. డాక్టరు ఇచ్చిన నూనె వల్ల కాదట, పుంగనూరు నుంచి బీబీజాన్ పంపిన వావిలాకు కాపడం వల్లనట. ఆ మాట చెబుతూనే డాక్టరు నూనె కూడా రాసుకుంటోంది. వాన ఈసారి కొదవ లేకుండా పడింది, చెరువు సగానికి పైగా నిండింది, రాగి కంకి పట్టింది. బొల్లిమేక పది రోజుల కింద ఈనింది. రెండూ పెంటిపిల్లలే. ఒకదానికి నీ పేరు పెడతానంటే మీ అమ్మ, "నీ పేరు పెట్టుకో, నీ మాదిరే మాట వినదు" అంది.

చెవి మిషను వాడుతున్నానా అని అడిగావు. నిజం రాస్తున్నాను, పెట్లో ఉంది. పెట్టుకుంటే మేకల గంటలు, కుక్కరు కూత, ఎదురింటి టీవీ, మీ అమ్మ మాటలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఇరవై రెండేళ్లు క్వారీలో డ్రిల్లింగు మిషను పట్టినవాడికి ఇంత లోకం ఒక్కసారిగా వినపడితే ఎట్లా? ఫోనులో నా కోసం అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని, ఇక లాభం లేదని జాబులు మొదలుపెట్టావే, ఆ జాబులు నాకు మిషను కంటే బాగా వినపడతాయి. ఏడో తరగతితో ఆగిపోయిన నా చేత ఈ వయసులో ఇన్ని కాగితాలు రాయిస్తున్నావు. మా అయ్యవారు ఉండి ఉంటే నిన్ను మెచ్చుకునేవారు.

ఇంకొకటి అడిగావు. "ఆ గుట్టవైపు పోతున్నావా నాయనా? పోవద్దు. నేను మరిచిపోయాను, నువ్వూ మరిచిపో" అని రాశావు. నువ్వు మరిచిపోలేదని నాకు తెలుసు. మరిచిపోయినవాళ్లు అట్లా రాయరు. దానికి జవాబు మాత్రం ఒక మాటలో అయ్యేది కాదు. ఈ జాబంతా దానికి జవాబే.

మీ అమ్మ కోసం రాస్తున్నాను: ఆ గుట్ట దేవుడు పెట్టిన గుట్ట కాదు. క్వారీలో పనికిరాని రాళ్లన్నీ పారబోయగా లేచిన కుప్ప. అంతకుముందు అక్కడ నిజమైన కొండ ఉండేది. కొండంతా రేణి, అదే అడవిరేగు, బలుసు, కలివి, మధ్య మధ్య తంగేడు. రేణిపండ్ల కాలంలో జనం గంపలు పట్టుకుని పోయేవాళ్లు. క్వారీ వచ్చినప్పుడు నాకు ఇచ్చిన మొదటి పని డ్రిల్లింగు కాదమ్మా, ఆ పొదలు నరకడం. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. నెల రోజులు నరికాను. నా ఎడమచేతి మీద మచ్చ చూపించి చిన్నప్పుడు నువ్వు ఇదేమిటని అడిగేదానివి, నేను పులి గీరిందని చెప్పేవాణ్ణి. పులి కాదు, రేణిముల్లు.

క్వారీ మూతపడ్డాక ఆ రాళ్లకుప్ప మీద మట్టి పరిచి, మునుపు అక్కడ ఏ పొదలు ఉండేవో వాటినే మళ్లీ పెంచాలని మదనపల్లె సంస్థవాళ్లు పూనుకున్నారు. ఆ పనికి నువ్వు ఫీల్డు ఆఫీసరువి, నేను కాపలాదారుణ్ణి. ఆడపిల్ల ఆఫీసరు, అదే చోట నాయన కాపలా అని ఊరంతా నవ్వారు కానీ నాకు ఎంత గర్వంగా ఉండేదో నీకు ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు కూలివాళ్లతో వాలుకు అడ్డంగా నెలవంక ఆకారంలో గుంతలు తీయించావు, వాన నీళ్లు జారిపోకుండా ఆగాలని. ముందటేడు వానల్లో వెయ్యిన్ని రెండువందల మొక్కలు నాటించావు, రేణి, బలుసు, కలివి. ఒక్కో మొక్క పక్కన ఒక వెదురుపుల్ల. వెంకటగిరికోట నుంచి మీ గోవిందరాజులు మామ వచ్చి, "రాళ్లకు నీళ్లు పోసే సదువు సదివినావా అమ్మా" అన్నాడు. నువ్వు నవ్వి ఊరుకున్నావు.

తర్వాత మొక్కలు పోయాయి. పోయిన సంవత్సరం జూన్‌లో నువ్వు రాజీనామా ఇచ్చి పూణే వెళ్లిపోయావు. ఇన్ని మొక్కలు పెంచిన పిల్లవి, నాలుగు గోడల మధ్య గింజలు మొలుస్తాయో లేదో పరీక్షించే ఉద్యోగానికి పోయావు. అప్పటినుంచి నేను గుట్టవైపు పోలేదు. మేకలను తోలుకుపోయేటప్పుడు కూడా ముఖం అటు తిప్పేవాణ్ణి కాదు. గేటు తాళం మాత్రం నా మొలతాడుకే ఉండిపోయింది, తిరిగి ఇమ్మని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు కొత్త సంగతి. మొన్న శుక్రవారం మదనపల్లె నుంచి మీ సంస్థ పెద్ద స్వర్ణలత మేడమ్ జీపులో వచ్చారు. ఇంకా ఇద్దరు వెంట ఉన్నారు. గుట్ట మీద పొదలు పెంచడానికి సంస్థకు ఇచ్చిన గడువు ఈ కార్తీకంతో ముగుస్తుందట. పొదలు లేవని రాసిచ్చేస్తే మిషన్లు పెట్టి గుట్టను చదును చేసి నీలగిరి నాటేస్తారట. ఆ రాసివ్వడానికే వచ్చారు. గేటు తీయమని నన్ను పిలిపించారు. నేను తీసి అక్కడే నిలబడ్డాను. వాళ్లు ఎక్కారు. గేటు నుంచి చూస్తే గుట్ట బోడిగానే కనిపిస్తుంది కదా. వాళ్లు అవతలివైపుకు, నీళ్లగుంత వైపుకు దిగారు. కాసేపటికి మేడమ్ పైన నిలబడి రెండు చేతులూ ఊపుతున్నారు. ఏమంటున్నారో నాకు వినపడలేదు. ఎవరినో పాము కరిచిందనుకుని కర్ర పట్టుకుని పరుగెత్తాను.

పోయి చూస్తే ఏముంది తల్లీ, రేణిచెట్లు! నా మోకాలెత్తు కొన్ని, నడుమెత్తు కొన్ని. ఆకు కింద తెల్లగా నూగు, వంకర ముల్లు, ఆకు సందుల్లో చిన్న చిన్న పూత. వాటి మధ్య నల్లతుమ్మ మొక్కలు, అక్కడక్కడ ఎవరూ నాటని తంగేడు, పచ్చగా విరగబూసి. పిట్టలు వచ్చాయి, యమునా. ఒక పొదలో పిడికెడంత గూడు కూడా ఉంది. రెండు వానకాలాలు చూశాయి, నడుమ ఒక ఎండాకాలం దాటాయి. ఎండాకాలం దాటిన చెట్టు ఇక చావదని నువ్వే కదా కూలివాళ్లకు చెప్పేదానివి. వెంట వచ్చిన ఇద్దరూ ఒక్కొక్క చెట్టుకు సున్నం చుక్క పెడుతూ లెక్కపెట్టారు. మూడువందల పద్దెనిమిది. నేను ముల్లు అని కూడా చూడకుండా ఒక కొమ్మను పట్టుకున్నాను, అదే ఆ రక్తం.

మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "యమున నాటినవే హనుమంతప్పగారూ, పైన ఎండినా కింద వేరు బతికుండాది. మళ్లా చిగిరించినాయి. ఆ పిల్లను మళ్లీ పిలిపిస్తా" అన్నారు. గుట్టను ఇక ఎవరూ ముట్టుకోరని కూడా చెప్పారు. నేను తల ఊపాను. ఎందుకు ఊపానో నాకు తెలుసు, కొంచెం ఆగి నీకు కూడా చెబుతాను. మన ఇంటికి వచ్చి మజ్జిగ తాగి పోయారు. వాళ్ల జీపు మలుపు తిరగకముందే మీ అమ్మ వీధంతా చెప్పేసింది.

మరుసటి రోజు హమీద్ వచ్చాడు. నాతో పాటు డ్రిల్లింగు చేసినవాడు, ఇప్పుడు పుంగనూరు సంతలో మేకల బేరం చేసుకుంటున్నాడు, నిన్ను బేటీ అని పిలుస్తాడే, ఆ హమీదే. బొల్లిమేక పిల్లలను చూడటానికి వచ్చాడు. నేను ఆపుకోలేక గుట్టమీదికి తీసుకుపోయి చూపించాను. వాడు చెట్ల మధ్య తిరిగాడు, వంగాడు, నేలమీద దేన్నో ఏరి అరచేతిలో వేసుకుని చూశాడు. నాకు వినపడాలని నా చెవి దగ్గరికి వచ్చి చెప్పాడు.

"ఈటిని బేటీ నాటలేదప్పా. ఆ పిల్ల నాటింటే తాడు పట్టినట్టు వరసగా ఉంటాయి. ఇవి గుంపులు గుంపులుగా ఉండాయి. మంద పండుకున్న చోటు ఇట్లనే ఉంటాది."

వాడి అరచేతిలో ఉన్నవి రేణిగింజలు. మేక రేణిపండు తిని, తర్వాత నీడలో పడుకుని నెమరేస్తూ గింజలను ఉమ్మేస్తుంది. మేకలు కాసేవాడికి అది చిన్నప్పటినుంచీ తెలుసు. మేక పడుకున్నచోట గింజల కుప్ప ఉంటుంది, వాటి మీదనే పెంట పడుతుంది. హమీద్ మేకల బేరగాడు, వాడి కంట పడకుండా ఉంటుందా? నా ముఖం చూశాడు. "ఎవురి మంద అప్పా?" అని అడిగాడు. జవాబు కోసం ఆగలేదు, బీడీ వెలిగించుకుని అటు తిరిగాడు.

యమునమ్మా, ఇంతవరకు వేగంగా రాసుకొచ్చాను. ఇప్పుడు పెన్ను కదలడం లేదు. లేచి మేకలకు ఆకు వేసి, నీళ్లు తాగి వచ్చి మళ్లీ కూర్చున్నాను. నీ మొక్కలు ఎండకు చావలేదు. రాతిపొడి వేడికి చావలేదు. నా మేకలు తిన్నాయి.

పోయిన సంవత్సరం శివరాత్రి దాటిన వారం అది. నువ్వు శిక్షణ అని పది రోజులు మదనపల్లెలో ఉన్నావు. చెరువు ఎండింది, బోరుకు కరెంటు లేదు. ముప్పై మేకలు నాలుకలు బయటపెట్టి నా చుట్టూ నిలబడ్డాయి, బొల్లి చూలుతో ఉంది. గుట్ట అవతల క్వారీగుంతలో నిండుగా నీళ్లు. తాళం నా మొలకే ఉంది. గేటు తీశాను. కాపలా కాయాల్సినవాణ్ణే మందను లోపలికి తోలాను.

నీళ్లు తాగించి వెంటనే తోలుకొచ్చేస్తే ఏమీ అయ్యేది కాదు. కానీ కడుపునిండా నీళ్లు తాగిన మందను ఎండలో వెంటనే తోలకూడదు, నీడన ఆపి నెమరు వేయనివ్వాలి. మా నాయన నాకు నేర్పింది అదే, ఆయనకు వాళ్ల నాయన. అందుకని గుట్ట నీడలో ఆపాను. ఆరు రోజులు అట్లా జరిగింది. మూడు చోట్ల మార్చి మార్చి పడుకోబెట్టాను, నీడ ఎటుంటే అటు. పొద్దున అడవిలో రేణిపండ్లు తిని రావడం, మధ్యాహ్నం ఇక్కడ నెమరు వేయడం. నేను కర్ర పట్టుకుని నీ మొక్కలకూ మందకూ నడుమ కూర్చునేవాణ్ణి. ఒక్క ఆకు కూడా ముట్టనివ్వలేదు, ఆరో రోజు వరకు.

ఆరో రోజు నిద్రపోయాను. లేచేసరికి నీడ జరిగిపోయింది, నా పక్కన ఒక్క మేక లేదు. అన్నీ పైన, నీ వెదురుపుల్లల మధ్య ఉన్నాయి. వాటి మెడల్లో గంటలు మోగే ఉంటాయి. ముప్పై గంటలు మోగుతూ నన్ను దాటి పైకి పోయి ఉంటాయి. నాకు వినపడలేదు తల్లీ.

చెవుల మీద తప్పు నెట్టడానికి ఇది రాయడం లేదు. చెవులు చేసింది అంతవరకే. తర్వాతిది నేను చేశాను. నువ్వు వచ్చేలోగా రెండు రోజులు కూర్చుని, కొరికిన మోడులన్నీ ఒక్కొక్కటీ పీకి గుంతనీళ్లలో పారేశాను. మూడో రోజు నడుము పట్టుకుపోయింది, పైవరసలో కొన్ని అట్లాగే వదిలేశాను. నువ్వు వచ్చావు. "ఎండకు మాడిపోయినాయమ్మా, సూడలేక నేనే పీకేసినా" అన్నాను. నువ్వు నమ్మావు. నాయన మాట కాబట్టి నమ్మావు.

నువ్వు మట్టిని పొట్లాలు కట్టి పరీక్షకు పంపావు. మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. ఒక సాయంత్రం గుట్ట దగ్గర బండ మీద కూర్చుని, నాకు వినపడాలని కూడా కాకుండా, నీలో నువ్వే అనుకున్నట్టు అన్నావు: "నేనే తప్పు చేసినా నాయనా. ఈ రాళ్లల్లో బతకవని నాకు తెలిసుండాల్సింది." ఎవరు పక్కన అరిచినా వినపడని నాకు ఆ మాట ఒక్క అక్షరం పోకుండా వినపడింది. అప్పుడు చెప్పి ఉండాలి. నోరు తెరిచాను కూడా. చెబితే నా కాపలా పోతుందని కాదు, నువ్వు నన్ను చూసే చూపు పోతుందని భయపడ్డాను. దాని బదులు నీ చేతుల మీద నీకున్న నమ్మకం పోయింది. నేను చూస్తుండగానే పోయింది.

ఆ తర్వాత విత్తనాల రోజున మీ తులసమ్మ అత్త నిన్ను పిలవలేదు. చిన్నప్పటినుంచి ఆమె చేలో మొదటి పిడికెడు నీ చేతనే చల్లించేది, నీ చేతివాసి మంచిదని. ఆ ఏడు ఇంకొకరిని పిలిచింది. నువ్వు ఇంట్లో బట్టలు సర్దుకుంటున్నావు, వినపడనట్టు. నిజంగా వినపడనివాణ్ణి నేను ఒకణ్ణి ఇంట్లో ఉండగా నువ్వు అట్లా నటించావు.

హమీద్ ఆ పొద్దు ఇంకేమీ అడగలేదు. బస్సు ఎక్కబోతూ మాత్రం, "మేడమ్‌కు ముందు సెప్పు. బేటీకి సెప్పేదానికి దైర్యం దాంట్లో వస్తాది" అన్నాడు. సోమవారం పొద్దున్నే కుప్పంలో బస్సు ఎక్కాను. పుంగనూరులో హమీద్ నిలబడి ఉన్నాడు, నేను దిగి పారిపోకుండా పక్క సీట్లో కూర్చున్నాడు. వాడి భార్య బీబీజాన్ కలివికాయ ఊరగాయ కట్టి ఇచ్చింది, అది నీకు పంపించాలట. మదనపల్లెలో యార్డుకు పోయే టమాటా లారీలు దారంతా నిలిచిపోయి ఉంటే నడిచి పోయాం. ఆఫీసు మేడ మీద. ఆ రోజు చెవి మిషను పెట్టుకున్నాను తల్లీ. ఆమె తిట్టేది వినపడాలి కదా.

అంతా చెప్పాను.  ఆమె చాలా మెల్లగా అన్నారు, అరిచి ఉంటే బాగుండేది: "నేల పనికిరాదని ఆ పిల్ల చేతే రిపోర్టు రాయించినాం. అది రాసేటప్పుడు మీరు పక్కనే ఉండారు."

ఉన్నాను అన్నాను. హమీద్ ఏదో చెప్పబోతే ఆమె చెయ్యి ఎత్తి ఆపారు. లేచి జీపు తాళాలు తీసుకుని, "మంద పండుకున్న చోట్లన్నీ నాకు సూపించండి" అన్నారు. ఆ మధ్యాహ్నమే మళ్లీ గుట్ట ఎక్కాం.

ఇక్కడినుంచి జాగ్రత్తగా చదువు, యమునా. ఇది నేను నీకు తీపి పూసి చెప్పే మాట కాదు, మేడమ్ టేపు పెట్టి కొలిచి చూసిన సంగతి. నా మేకలు మూడు చోట్ల పడుకున్నాయి. మూడుచోట్లా గింజలు ఉమ్మాయి, మూడుచోట్లా పెంట వేశాయి. రెండు చోట్ల ఒక్క మొక్క లేదు. ఆ రెండూ రాళ్ల మీద. ఎండిన పెంట ఇప్పటికీ ఉంది, గింజలు అట్లాగే బండల సందుల్లో ఉన్నాయి. మూడోచోటు నువ్వు మట్టి పోయించి నెలవంక గుంతలు తీయించిన వాలు అడుగున, మొక్కలు చాలక ఖాళీగా మిగిలిన గుంతల దగ్గర. మొలిచినవన్నీ అక్కడే. ఒక్కో గుంత అంచున చేతితో పెట్టినట్టు గుంపుగా ఉన్నాయి. గింజ మేకది కావచ్చు, దాన్ని పట్టి నిలిపింది నీ గుంత. ఈ రాళ్లల్లో బతకవని నువ్వు అనుకున్నది తప్పు. నువ్వు చేసిన నేలలో బతికాయి, నువ్వు చేయని నేలలో బతకలేదు.

ఇంకా ఉంది. పైవరసలో వెదురుపుల్లల పక్కనే, తాడు పట్టినట్టు, ఇరవై ఏడు చెట్లున్నాయి. బలుసు పదకొండు, కలివి తొమ్మిది, రేణి ఏడు. అవి నువ్వు నాటినవే. నా నడుము పట్టుకుపోయి నేను పీకకుండా వదిలినవి. మేడమ్ వాటి దగ్గర నిలబడి, "మీరు చెయ్యి పెట్టకుండా ఉండింటే ఇంకెన్ని చిగిరించేవో" అన్నారు. ఆ మాట కూడా నీకు దాచకుండా రాస్తున్నాను. ఆ మాటకు నాకు మిషను అక్కరలేదు, చచ్చేదాకా వినపడుతుంది.

దిగేటప్పుడు ఆమె కోపం కొంచెం తగ్గింది. నీ పాత రిపోర్టు పక్కన జరిగిందంతా ఉన్నదున్నట్టు రాసి పెడతానన్నారు, మేకలతో సహా. క్వారీకి అవతల ఇంకొక గుట్ట ఉంది కదా, అక్కడ ముందు నీ పద్ధతిలో గుంతలు తీసి, వానలకు ముందు రేణిపండ్ల కాలంలో కొన్ని రోజులు మందను కట్టి చూడవచ్చునా అని నన్ను అడిగారు. ఈసారి కాపలా వేరేవాళ్లు, నేను మందతో మాత్రమే రావాలట. సరే అన్నాను. అది ఎవరు చేయించాలని అడిగితే, "యమునను నేను పిలవను. ముందు మీరు జాబు రాయండి. అది చదివినాక ఆ పిల్ల ఇష్టం" అన్నారు.

నేను కూడా నిన్ను రమ్మనడం లేదు. రావద్దనడం కూడా లేదు. నీకు అక్కడ పని నచ్చి ఉంటే అక్కడే ఉండు. కోపం వస్తే రెండు నెలలు జాబు రాయకు, నేను అడగను. నన్ను మన్నించు అని మాత్రం అడుగుతున్నాను. ఇంతకంటే ఎట్లా అడగాలో నాకు తెలియదు, ఏడో తరగతిలో ఇది నేర్పలేదు.

ఈ కవరులో చిన్న పొట్లం పెట్టాను. హమీద్ ఏరిన రేణిగింజలే, కడిగి ఆరబెట్టాను. నీ పరీక్షగదిలో తడిగుడ్డ మీద పెట్టి చూడు. గట్టి పెంకు, మెల్లగా మొలుస్తాయి, తొందరపడి పారేయకు. మొలిస్తే ఎన్ని మొలిచాయో రాయి. మొలవకపోయినా రాయి.

ఇట్లు,
నువ్వు మన్నించినా మన్నించకపోయినా నీకు నాయన అయిన
హనుమంతప్ప

చెట్లు బతికిన కబురు ఈ కింది వాళ్లందరికీ చేరాలి. కబురుతో పాటు మేకల సంగతి కూడా చేరాలి. ఒకటి చెప్పి ఒకటి దాచవద్దు. నువ్వు చెప్పుకోవడం బాగుండదు కాబట్టి నేనే చెప్పి వస్తాను, ఎవరినైనా మరిచిపోయి ఉంటే రాయి.

పుంగనూరులో మీ అక్క మంజుకు. నువ్వు పూణే వెళ్లిన రోజు బస్టాండులో నాకంటే ఎక్కువ ఏడ్చింది.

వెంకటగిరికోటలో గోవిందరాజులు మామకు. రాళ్లకు నీళ్లు పోసింది నువ్వు కాదు, ఆ రాళ్ల మీద పూత పూయించింది నువ్వు అని, అందరూ ఉన్నప్పుడు, వాళ్ల అరుగు మీద నిలబడి చెబుతాను.

కుప్పంలో తులసమ్మ అత్తకు. చేతివాసి మాట నేను ఎత్తను. చెట్లు చూపిస్తాను, ఆమే ఎత్తుతుంది.

హమీద్‌కు, బీబీజాన్‌కు చెప్పనక్కరలేదు, తెలుసు.

మీ అమ్మకు. పొయ్యి దగ్గరనుంచి "ఇంతసేపు ఏం రాస్తాండావు" అని రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ వినపడనట్టు ఊరుకున్నాను. ఇప్పుడు పెట్లోంచి మిషను తీసి చెవికి పెట్టుకుని, పోయి ఆమె పక్కన కూర్చుని, ఈ జాబు మొదటినుంచీ చదువుతాను.